తాడు పట్టిన చేతికి కూర

కాశమ్మ కూర్చోదు. టీకొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేశాను, ఒక్కరోజు కూడా ఆవిడ వాటి మొహం చూడలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని హార్బరు గేటు దాకా ఒకసారి, జెట్టీ దాకా ఒకసారి నడుస్తూ తాగుతుంది. సగం టీ ఒలికిపోతుంది. "అప్పా, నేను టీ కాచేది నేలకా?" అని కసురుతాను. "నేలకి దాహమెయ్యదేటే సెల్లీ?" అంటుంది. అదివరకు ఇలా ఉండేది కాదు. గట్టు మీద చతికిలబడి ఎండుచేపల బేరం మొదలుపెట్టిందంటే ఆవిణ్ణి లేపడానికి పోర్టు నుంచి క్రేను తేవాలి. కొడుకు నరేష్ ఎక్కిన బోటు బంగ్లాదేశ్ వైపు కొట్టుకుపోయిన దగ్గర్నుంచే ఆ కాళ్లు నిలవడం మానేశాయి.

నాకు నోరెక్కువని హార్బరులో అందరూ అంటారు. నిజమే. మా నాన్న అమలాపురం అవతల నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చాడు, నేను పోర్టు క్వార్టర్స్‌లో పెరిగాను, చుట్టూ రకరకాల భాషలవాళ్లు ఉండడంతో హిందీ అబ్బింది. పెళ్లయ్యాక ఫిషింగ్ హార్బరు గేటు పక్కన ఈ కొట్టు పెట్టాను. టీవీల వాళ్లు కాశమ్మ గురించి చెప్పిందంతా విన్నాను. 'దేశాల మధ్య స్నేహవారధి, విశాఖ మత్స్యకార మాత' అన్నారు. మాతా లేదు, మన్నూ లేదు. ఆవిడ పెట్టిన ప్రతి ముద్దా బేరమే. ఆ బేరం ఏమిటో నాకు తెలుసు కాబట్టి నేనే చెబుతాను.

కాశమ్మది పూడిమడక. వరహాలును చేసుకుని ఇక్కడికొచ్చింది. వరహాలు మంచి ఈతగాడు, ఎన్ని తుపానుల్లోంచో బయటపడ్డాడు, చివరికి మంచంలో కామెర్లతో పోయాడు. అప్పటికి నరేష్ చంటివాడు. ఆవిడ ఎండుచేపల తట్ట నెత్తికెత్తుకుంది. నెత్తళ్లు, సావడాలు ఇసకలో ఎండబెట్టి, ఆటోలో అచ్యుతాపురం తీసుకెళ్లి ఫ్యాక్టరీ కుర్రాళ్ల గదుల దగ్గర అమ్మేది. ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు మూసుకుంటే, "మూసుకోండి బాబూ, సాయంత్రం మీరే కదా నా తట్ట కాడ నిలబడతారు" అనేది. అలా ఆ తట్టతోనే కొడుకుని చదివించింది. ఎవరో సూపర్‌వైజర్ని బతిమాలి అక్కడే ఫ్యాక్టరీలో పెట్టించింది కూడా. వాడు నెలలు తిరక్కుండా వచ్చేశాడు. ఆ గోడల మధ్య ఊపిరాడట్లేదన్నాడు. తల్లీ కొడుకులు వీధంతా వినేట్టు కొట్లాడుకున్నారు. అంతా అయ్యాక, వాడు సత్యం డ్రైవరుగా ఉన్న బోటెక్కుతుంటే సావడాల మూట కట్టి చేతికిచ్చింది ఈవిడే. వాడికి ఎండు సావడాలు, వంకాయ ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

ఆ వేటలోనే ఇంజను ఆగిపోయింది. గాలి అటు లాగింది. సముద్రంలో సరిహద్దు గీత దాటారని ఆ దేశపు నేవీ పట్టుకుని జైల్లో పెట్టింది. బోటు ఓనరుకు కబురొచ్చింది. అందరూ క్షేమం అన్నారు, అంతే. ఆ 'అంతే' కాశమ్మను నమిలేసింది. "సేమం అంటే ఏటే? అన్నం పెడతన్నారా? కొడతన్నారా? పడుకోడానికి సాపైనా ఉందా?" అని నన్నడిగేది, నేనేదో ఆ జైలు నడుపుతున్నట్టు.

ఇలా ఉండగా ఓ పొద్దున మన కోస్ట్‌గార్డు వాళ్లు ఓ నీలం రంగు చెక్కబోటును లాక్కొచ్చి జెట్టీకి కట్టారు. బంగ్లాదేశ్ జాలర్లు. మనవాళ్లలాగే ఇంజను చెడిపోయి, తిండీ నీళ్లూ లేక కొట్టుకొచ్చారు. వాళ్లలో పెద్దాయన పేరు జమాల్, సినిమాలు చూసి అబ్బిన హిందీ కొంచెం వచ్చు. గడ్డం నెరిసింది, ఎండకు పెదాలు పగిలాయి. వాళ్లను హార్బరులోనే తుపాను షెల్టరులో ఉంచి, మెరైన్ పోలీసుల్ని కాపలా పెట్టారు.

హార్బరంతా చూడ్డానికి ఎగబడింది. కాశమ్మ కూడా వచ్చింది. జమాల్‌ను కిందికీ పైకీ చూసి, వాళ్లవైపు ఉమ్మి, "నా గుంటణ్ణి మీ జైల్లో ఎట్టుకుని, మీరిక్కడ దుప్పట్లు కప్పుకుంతన్నారా?" అని ఒంటికాలి మీద లేచింది. ఆయనకేం అర్థమవుతుంది? రెండు చేతులూ జోడించాడు. నేనే చెయ్యి పట్టుకుని ఆవిణ్ణి అవతలికి లాక్కొచ్చాను.

మర్నాడు చూద్దును కదా, మూత పెట్టిన సత్తు గిన్నెతో షెల్టరు దగ్గర నిలబడి ఉంది. లోపల చేపల పులుసు.

"ఏంటప్పా, నిన్న ఉమ్మి ఇవాళ పులుసా?"

"ఆలోసించినానే. ఈల్లిక్కడ ఏటి తింతే నా కొడుకు అక్కడ అదే తింతాడు. ఈల్ల కడుపు కాలితే ఆడి కడుపు కాలతాది. అంతే లెక్క."

"ఎవరు చెప్పారీ లెక్క?"

"ఎవులు సెప్పాల? నాను సెప్తన్నాను."

ఆ లెక్క తప్పని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆవిడ మొహం చూసి ఊరుకున్నాను. నా నోరు ఆగడం అదే మొదటిసారి అనుకుంటాను.

షెల్టరులో పని లేక ఆ జాలర్లకు పిచ్చెక్కినట్టయ్యేది. పొద్దున్నే మన బోట్లు వస్తుంటే కానిస్టేబుల్ని అడిగి జెట్టీ మీదికొచ్చేవాళ్లు. తాడు విసిరితే అందుకునేవాళ్లు, లాగేవాళ్లు, బుట్టలు దించేవాళ్లు. మా హార్బరులో ఓ పద్ధతుంది. బోటు ఒడ్డుకొచ్చినప్పుడు తాడు మీద చెయ్యేసినవాడు ఎవడైనా సరే, వేలంపాటకు ముందే వాడికి కూర చేపలు తీసిపెట్టాలి. అది దానం కాదు, కూలీ కాదు. వాడి కూర వాడిది, ఎగ్గొడితే ఆ బోటు మొహం ఎవరూ చూడరు. ఓ రోజు ఓ బోటువాళ్లు పరాయిదేశం వాళ్లే కదా అని వీళ్లకు కూర తియ్యలేదు. కాశమ్మ బుట్టకు అడ్డంగా నిలబడింది.

"తాడు పట్టినాడా లేదా?"

"పట్టాడు గానీ అప్పా..."

"గానీ ఏటి? ఆడి సేతికి పాస్‌పోర్టుందా అని తాడు అడిగిందేటి? తియ్యి కూర."

తీశారు. ఆ రోజు నుంచీ వాళ్ల వాటా చేపలు తనే తీసుకెళ్లి వండి తెచ్చేది. జమాల్ దండం పెట్టబోతే చెయ్యి విదిలించి, "నాను నీకేటీ పెట్టలేదు. తాడు పట్టావు, కూర నీది" అనేది. రోజూ అదే మాట. ఆయనకు తెలుగులో వచ్చిన మొదటి ముక్క అదే అయింది. ఎండుచేపల వాసన తగలగానే ఓసారి ఆయన మొహం విప్పారింది. "శుట్కి!" అన్నాడు. వాళ్ల దేశంలోనూ ఎండబెట్టుకుని ప్రాణంగా తింటారట. కాశమ్మకు ఆ కబురు నేను హిందీలోంచి తెలుగు చేసి చెబితే, "మరైతే మనుసులే" అంది.

ఈలోగా శ్రీవల్లి దిగింది. ప్రభుత్వం పంపిన చిన్న వయసు ఆఫీసరు, బెజవాడ పిల్ల. మంచిదే పాపం, నా కొట్టు దగ్గర కుర్చీలో కూర్చుని టీ తాగేది. అక్కడ మన జాలర్లనూ ఇక్కడ వాళ్ల జాలర్లనూ ఒకేసారి వదులుతారనీ, సముద్రం మధ్యలో గీత దగ్గర రెండు దేశాల ఓడలూ కలుసుకుని మార్చుకుంటాయనీ ఆ అమ్మాయే చెప్పింది. దాన్ని సుహృద్భావం అంటారట.

"మనది పెద్ద దేశమమ్మా. చుట్టూ చిన్న దేశాలున్నాయి. భయపెడితే దూరం జరుగుతారు. బియ్యం, మందులు పంపి, చదువులు చెప్పి వాళ్ల మనసులు గెలవాలి. లేకపోతే ఇంకో పెద్ద దేశమొచ్చి వంతెనలు కట్టించి గెలుచుకుపోతుంది" అంది శ్రీవల్లి.

కాశమ్మ గ్లాసుతో అటూ ఇటూ తిరుగుతూనే వింది. "మనసులు తరవాత గెలుద్దురు గానీ తల్లీ, ముందు నా కొడుకుని తెచ్చీండి."

తెచ్చెయ్యడం అంత తేలిగ్గా జరగలేదు. వాళ్ల మంత్రి ఎవరో ఢిల్లీ వస్తారు, అప్పుడు వదులుతారన్నారు. ఆ రాక వాయిదా పడింది. పండక్కి అన్నారు, పండగ వెళ్లిపోయింది. ఇక్కడ మాత్రం జాలర్లకు పొద్దున యోగా నేర్పించారు, బస్సెక్కించి రుషికొండ చూపించారు. ప్రతిచోటా కెమెరాలు. టీవీలో జమాల్ కాళ్లు చాపుకుని ఆసనం వేస్తుంటే హార్బరంతా నవ్వింది. కాశమ్మ నవ్వలేదు. "నరేష్‌నెవులు తిప్పుతన్నారక్కడ?" అని అడిగింది.

ఆ తర్వాత ఓ వాట్సాప్ ముక్క వచ్చింది. మనవాళ్లలో ఒకడు ఆసుపత్రిలో ఉన్నాడట. ఎవరో తెలీదు. ఎందుకో తెలీదు. ఓనరు ఫోనెత్తడు. శ్రీవల్లి ఎవరెవరికో ఫోన్లు చేసి, "కనుక్కుంటున్నాం" అంది. సత్యం డ్రైవరు పెళ్లాం అప్పాయమ్మ ఏడుస్తూ వచ్చి నా కొట్టు దగ్గర కూలబడింది. కాశమ్మ ఏడవలేదు. కాలుగాలిన పిల్లిలా హార్బరంతా తిరిగింది. ఐస్ ఫ్యాక్టరీ దాకా వెళ్లేది, మళ్లీ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ, "మావోడు కాదు. నాను రోజూ కూర పెడతన్నాను కదా" అనేది. నాకు భయమేసింది. ఆ లెక్క గనక తప్పితే ఈ మనిషి ఏమైపోతుంది?

చివరికి రోజు ఖాయమైంది. జెట్టీ మీద షామియానా వేశారు. ఒక్కో జాలరికీ ఓ సంచి. రెండు జెండాలూ పక్కపక్కన ముద్రించిన సంచి. లోపల చొక్కా, శాలువా, గోడ గడియారం, విశాఖ బొమ్మల పుస్తకం. వాటిని అందివ్వడానికి కాశమ్మను పిలిచారు. ఆవిడ కొత్త చీర కట్టుకొచ్చింది. చంకలో పాత చీర ముక్కతో కట్టిన మూట.

"అదేంటమ్మా?" అంది శ్రీవల్లి.

"సావడాలు. ఈ ముసిలాయనకిత్తాను. గీత కాడ మావోల్లు ఎదురొస్తారు కదా, నరేష్‌కి ఇమ్మంతాను."

శ్రీవల్లి మొహం చిన్నబోయింది. సొంత మూటలు పంపకూడదనీ, తిండి సామాన్లు అసలు ఒప్పుకోరనీ, అన్నీ తనే సరిచూసి సంతకం పెట్టాలనీ మెల్లగా చెప్పింది.

"గడియారం ఎల్తాది గానీ సేప ఎల్లదా?" కాశమ్మ గొంతు షామియానా దాటింది. "ఆలకి గోడ గడియారమెందుకే? నా కొడుకు బతికున్నాడో లేడో సెప్పీ గడియారముందా నీ కాడ?"

కెమెరాలు ఇటు తిరిగాయి. నేను పరిగెత్తుకెళ్లి ఆవిడ భుజం పట్టుకున్నాను. జమాల్ ముందుకొచ్చి నన్ను హిందీలో ఏమైందని అడిగాడు. చెప్పాను. నరేష్‌కి ఎడమ కనుబొమ మీద పెద్ద మచ్చ, చిన్నప్పుడు పుల్లీ తగిలింది, దాన్ని బట్టి గుర్తుపట్టమంటోందని కూడా చెప్పాను. ఆయన తన కనుబొమను వేలితో రాసుకుని, కాశమ్మ వైపు తలూపాడు. ఫోటోల కోసం ఆవిడ సంచులు అందించింది, మాడిపోయిన మొహంతో. మూటను కాళ్ల దగ్గర పడేసింది. ఆ గోలలో ఆ మూట ఎప్పుడు మాయమైందో నేను చూడలేదు.

ఓడ కదిలాక టీ ఫ్లాస్కు తెచ్చుకుందామని షెల్టరులోకి వెళ్లాను. జమాల్ పడుకునే చాప మీద చొక్కా, శాలువా, గడియారం, బొమ్మల పుస్తకం శుభ్రంగా మడతపెట్టి ఉన్నాయి. సంచి మాత్రం లేదు. నా వెనకే శ్రీవల్లి వచ్చి నిలబడింది.

"నీకు తెలుసా?" అన్నాను.

"సంచి నేనే చూశానండీ, ఓడ ఎక్కేముందు. జిప్పు తియ్యక్కర్లేకుండానే వాసనొచ్చింది" అంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయి. "పైవాళ్లడిగితే జలుబు చేసిందని చెబుతాను." ఆ తర్వాత గడియారం చేతిలోకి తీసుకుని, "దయచేసి వీటిని ఎవరినీ ఫోటో తియ్యనివ్వకండి" అంది. శాలువాలో చుట్టి అన్నీ నేనే లోపల దాచేశాను. మూట జమాల్‌తో వెళ్లిందని కాశమ్మకు మాత్రం చెవిలో చెప్పాను.

మనవాళ్లు దిగే రోజు హార్బరులో ఇసకేస్తే రాలనంత జనం. కాశమ్మ ముందు వరసలో ఉంది. ఓడలోంచి ఒక్కొక్కరూ దిగుతున్నారు. సత్యం దిగాడు. అప్పాయమ్మ మీద పడి ఏడ్చింది. ఇంకా దిగారు. అందరి కనుబొమలూ చూస్తోంది కాశమ్మ. మెట్లు ఖాళీ అయ్యాయి. ఆవిడ ఇంకా మెట్ల వైపే చూస్తోంది.

సత్యం పెళ్లాన్ని వదిలించుకుని ఆవిడ దగ్గరికొచ్చాడు. "అప్పా, నరేష్ ఆసుపత్రిలో ఉన్నాడు. జైల్లో పాచి మీద జారి పడ్డాడు, కాలిరిగింది. ఆపరేసన్ అయింది, కదపకూడదన్నారు. మాకంటే ముందే ఆడికి వదిలీసే కాగితం ఇచ్చినారప్పా, నయమైనాక పంపిత్తారు."

"నాను పెట్టిన కూరంతా ఏటైపోనాదిరా?" అంది కాశమ్మ. అరవలేదు. "ఇన్నాల్లు పెట్టినాను కదరా. ఆల్ల పిల్లల్ని ఒక్క పూట పస్తుంచినానా? నా లెక్కెక్కడ తప్పింది?"

సత్యం భుజం పట్టుకోబోతే చెయ్యి తోసేసింది.

"మూటేదిరా?"

"ముసిలాయన అడిగినాడప్పా. గీత కాడ ఆల్లెదురొచ్చినప్పుడు మా అందరి మొకాలూ పట్టుకు సూసినాడు. 'నరేష్, నరేష్' అన్నాడు. లేడు, ఆసుపత్రి అని సెప్పినాం. మూట మాకిమ్మన్నాం, ఇంటికి పట్టుకెళ్తామన్నాం. ఇయ్యనేదు."

"ఎందుకియ్యనేదు?"

"ఏమో అప్పా. గుండెలకి అదుముకుని ఎల్లిపోనాడు."

జనంలో ఎవడో, "సావడాల మీద ఆశ పడ్డాడు" అన్నాడు. వాణ్ణి నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కానీ నిజం చెప్పొద్దూ, నా మనసులోనూ ఆ మాట మెదిలింది. కాశమ్మ ఐస్ ఫ్యాక్టరీ వైపు నడిచింది. వెనక్కి వచ్చింది. మళ్లీ నడిచింది.

తర్వాతి రోజులెలా గడిచాయో ఆవిడకే తెలియాలి. అచ్యుతాపురం వెళ్లడం మానేసింది. ఎండబెట్టిన చేపల్ని కాకులు ఎత్తుకుపోతున్నా అదిలించేది కాదు. తిరగడమే. నా కొట్టు ముందు నుంచి వెళ్తూ, "ఫోనేమైనా వొచ్చిందేటి?" అని అడిగేది. ఆవిడ దగ్గర వీడియో కనిపించే ఫోను లేదు. శ్రీవల్లి నా నంబరే ఇచ్చింది అటువైపు. లేదని చెప్పి చెప్పి నా నోరే మొద్దుబారిపోయింది.

ఓ మధ్యాహ్నం, బజ్జీల మూకుడు పొయ్యి మీద ఉండగా, ఎప్పుడూ చూడని నంబరు నుంచి వీడియో కాల్. చేతులు పిండితో ఉన్నాయి, ముక్కుతో నొక్కాను. ముందు తెల్ల గోడ కనిపించింది. తర్వాత జమాల్ గడ్డం. తర్వాత ఆ ఫోను పక్కకు తిరిగి, మంచం మీద కట్టు కట్టిన కాలు, దాని పైన ఎడమ కనుబొమ మీద మచ్చ.

"అప్పా!" అని నేను వేసిన కేక హార్బరు చివరిదాకా వినబడి ఉంటుంది. కాశమ్మ జెట్టీ మీంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. ఫోను లాక్కుంది.

"అమ్మా" అన్నాడు నరేష్.

ఆవిడ ఫోను మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. వాడి మొహం మీద, ఫోను అద్దం మీదే, చెయ్యి పెట్టి తడిమింది. తడిమితే బొమ్మ ఎటో జరిగిపోయింది. "పోయిందే, పోయిందే!" అని గాభరా పడింది. నేను సరిచేశాను.

"అమ్మా, ఈ ముసిలాయన లాంచీ ఎక్కి, బస్సెక్కి, ఆల్ల ఇంటావిణ్ణి ఎంటేసుకు వొచ్చినాడే. ఆవిడ వంకాయేసి ఒండి తెచ్చింది. కాపలా పోలీసాయన లోపలికి రానియ్యనంటే ఆయనకీ ఓ ముద్దెట్టినారు." వాడు నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. "ఆవనూనె ఏసీసిందమ్మా. నీ సావడాలు పాడుసేసింది."

"తిన్నావా లేదా?"

"తిన్నాను."

"ఎంత తిన్నావు?"

"గిన్నె నాకీసినాను."

అప్పుడు ఏడ్చింది కాశమ్మ. వరహాలు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదని తర్వాత అప్పాయమ్మ చెప్పింది. ఏడుస్తూనే నా వైపు తిరిగి, "ఆ పెద్దాయనకి దండమెట్టానని సెప్పవే. హిందీలో బాగా సెప్పు" అంది. నేను నోరు తెరిచేలోపే జమాల్ మొహం ఫోనుకు దగ్గరగా వచ్చింది. ఆయన చెయ్యి విదిలించాడు, అచ్చం కాశమ్మ విదిలించినట్టే. తెలుగులోనే, ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ అన్నాడు.

"తాడు పట్టావు. కూర నీది."

మూకుడులో బజ్జీలు మాడి పొగ లేస్తోంది. ఎవరూ పట్టించుకోలేదు. నరేష్ ఎప్పుడొస్తాడో ఆ రోజుకి ఎవరికీ తెలీదు. మళ్లీ ఏ మంత్రి రాకకో, ఏ పండక్కో ముడిపెడతారు. అయినా కాశమ్మ ఫోను ఒళ్లో పెట్టుకుని, నా ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కాలితో దగ్గరకు లాక్కుని, కూర్చుంది. "టీ పొయ్యవే సెల్లీ" అంది.